ఐదు గంటల నీళ్ళు, మూడు గంటల నీళ్ళు: ఒక సిలబస్ డైరీ

రోజు 1

మా కళాశాలలో బీఎస్సీ ఆక్వాకల్చర్ రెండో సంవత్సరానికి నేను బోధించే ‘నీరు, నేల నాణ్యత’ కోర్సు సిలబస్‌ను ఈ వేసవిలో మార్చబోతున్నాం. మాది అటానమస్ కళాశాల కనుక ఆ వెసులుబాటు ఉంది. సిలబస్‌ను ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి ఐదు వారాల గడువు. ఈసారి ఏఐ సాయంతో పని చేసి చూడాలని విభాగంలో అనుకున్నాం. ఏ రోజు ఏం చేశానో, ఏది పనికి వచ్చిందో, ఏది రాలేదో ఇక్కడ రాస్తాను. ఇదే పనిలో ఉన్న ఇతర అధ్యాపకులకు ఉపయోగపడితే చాలు.

మార్చాలని ఎందుకు అనిపించిందో ముందు చెప్పాలి. మొన్న ఫిబ్రవరిలో మా మూడో సంవత్సరం అమ్మాయి ఒకరు ఇంటర్న్‌షిప్ కోసం నెల్లూరు జిల్లా విడవలూరు వైపు రొయ్యల చెరువులకు వెళ్ళింది. అక్కడ ఒక రైతు ఆమెను అడిగారట: “అమ్మోనియా కిట్ పొద్దున ఎంత చూపిస్తోందో మధ్యాహ్నమూ అంతే చూపిస్తోంది. అయినా మధ్యాహ్నం పూట రొయ్యలు మేత ఎందుకు తగ్గిస్తున్నాయమ్మా?” నా పేపర్లో ఎనభై దాటి మార్కులు తెచ్చుకున్న ఆ అమ్మాయి జవాబు చెప్పలేకపోయింది. తిరిగి వచ్చాక నన్ను అడిగింది.

జవాబు కష్టమైనదేమీ కాదు. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియాను. అందులో రొయ్యకు హాని చేసేది అయాన్‌గా మారని భాగం మాత్రమే. ఆ భాగం ఎంతన్నది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) మీద, వేడి మీద ఆధారపడుతుంది. నీటి వేడి 28 డిగ్రీలు, పీహెచ్ 7.8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో నూటికి 4 వంతులు మాత్రమే విషం. అదే నీరు మధ్యాహ్నానికి పీహెచ్ 8.8కి చేరితే అది నూటికి 30 వంతులవుతుంది. ఉప్పు నీటిలో ఈ అంకెలు కొద్దిగా తగ్గుతాయి గానీ తీరు ఇదే. కిట్‌లో అంకె మారకుండానే విషం ఏడు రెట్లు పెరిగింది.

ఆ అమ్మాయికి పీహెచ్ తెలుసు, అది మొదటి యూనిట్‌లో ఉంది. అమ్మోనియా తెలుసు, అది మూడో యూనిట్‌లో ఉంది. రెండూ ఒకచోట కలిసే వాక్యం నా సిలబస్‌లో ఎక్కడా లేదు. పన్నెండేళ్ళుగా ఈ కోర్సు చెబుతున్నాను. ఆ లోటు నాది.

రోజు 2, 3

సరంజామా సిద్ధం చేయడానికే రెండు రోజులు పోయాయి. పాత సిలబస్ స్కాన్ చేసిన కాగితం. ఐదేళ్ళ ప్రశ్నపత్రాల్లో మూడింటికి కంప్యూటర్ ఫైళ్ళు దొరికాయి గానీ, వాటిలోని తెలుగు భాగం యూనికోడ్ కాని పాత ఫాంట్లలో డీటీపీ చేసినది. తెరమీద చక్కటి తెలుగులా కనిపించే పేరా, చాట్‌బాట్‌లో అతికించగానే అర్థం లేని అక్షరాల పోగైంది. విచిత్రమేమిటంటే అది ‘చదవలేకపోయాను’ అని చెప్పలేదు. ఆ పోగులోంచే ఏవో ప్రశ్నలు ఊహించి నాకు పట్టిక వేసి ఇచ్చింది. అసలు కాగితంతో పోల్చి చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఏ పత్రం ఇచ్చినా ముందుగా ‘ఇందులోని మూడో ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు తిరిగి రాయి’ అని అడుగుతాను. సరిగ్గా రాస్తేనే ముందుకు. చివరికి తెలుగు ప్రశ్నలన్నీ నేనే ఫోనులో యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాను.

విద్యార్థుల జవాబు పత్రాలు కూడా ఇస్తే ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుందని ఒక సహోద్యోగి అన్నారు. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు తీసేసి ఇవ్వవచ్చని కూడా అన్నారు. కానీ చేతిరాత కూడా మనిషి గుర్తే. యునెస్కో 2023లో విద్యారంగానికి ఇచ్చిన ఏఐ మార్గదర్శకాలు కూడా సమాచార గోప్యతను గట్టిగా పట్టించుకోమంటాయి. పిల్లలను అడగకుండా వాళ్ళ రాతను బయటి కంప్యూటర్లకు పంపడం నాకు ఇష్టం లేదు. జవాబు పత్రాలు నేనే చదివి, తప్పులను నా మాటల్లో ఒక పేజీకి కుదించి ఆ పేజీని ఇచ్చాను.

రోజు 4

అందరూ చేసేదే మొదట నేనూ చేశాను. ‘రొయ్యల సాగులో నీటి నాణ్యత మీద 3 క్రెడిట్ల థియరీ, 1 క్రెడిట్ ప్రాక్టికల్ కోర్సుకు సిలబస్ రాయి’ అన్నాను. అర నిమిషంలో ఐదు యూనిట్లు, ఎనిమిది లక్ష్యాలు, వారం వారీ పట్టిక వచ్చాయి. చూడగానే ముచ్చటేసింది. ఆ సాయంత్రం అచ్చు వేసుకొని ఎర్ర పెన్నుతో కూర్చున్నాను.

ఆక్సిజన్ పట్టిక 10 డిగ్రీల దగ్గర మొదలైంది. ఉదాహరణలు చల్లని దేశాల చేపలవి. 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.5కి పడిపోతుంది. సముద్రమంత ఉప్పదనం ఉంటే 6.2 దగ్గరే ఆగుతుంది. మన చెరువు మొదలయ్యేదే ఆ అడుగున. అందుకే నెల్లూరు తీరంలో రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతాయి, కరెంటు పోయిన పది నిమిషాల్లో జనరేటర్ పలకకపోతే రైతు గుండె ఆగినంత పనవుతుంది. ఇదేమీ ఆ సిలబస్‌లో లేదు.

వర్షాల ప్రభావం అనే పాఠాన్ని ఆగస్టులో పెట్టింది. భారతదేశం అనగానే జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలని దాని లెక్క. మన జిల్లాకు పెద్ద వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనం, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆగస్టులో వాన పాఠం చెబితే కిటికీలోంచి ఎండే కనిపిస్తుంది.

గంటలు లెక్కేశాను. థియరీకి క్రెడిట్‌కు 15 గంటల చొప్పున మనకున్నవి 45 గంటలు. అది ఇచ్చిన జాబితా చెప్పాలంటే రెండు సెమిస్టర్లయినా చాలవు. జాబితా పెంచడానికి దానికి ఖర్చేమీ లేదు.

చివర్లో ఆరు పుస్తకాలు సూచించింది. గ్రంథాలయంలోను, ప్రచురణకర్తల జాబితాల్లోను వెతికాను. రెండు ఎక్కడా లేవు. రచయితల పేర్లు నిజమైనవే, పుస్తకాల పేర్లు నమ్మదగ్గవే, కానీ ఆ రచయితలు అవి రాయలేదు. తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా వేస్తూ వాక్యం అల్లే యంత్రం కనుక, ఉండదగిన పుస్తకానికీ ఉన్న పుస్తకానికీ దానికి తేడా తెలియదు. పుస్తకాల జాబితా పనిని ఆ రోజుతో దాని చేతిలోంచి తీసేశాను.

రోజు 7

పద్ధతి తిరగేశాను. రాయమని అడగడం మానేసి, నన్నే అడగమన్నాను. ఇచ్చిన సూచన ఇది:

“నువ్వు సిలబస్ రాయకూడదు. నేను పాత సిలబస్, ఐదు ప్రశ్నపత్రాలు, విద్యార్థుల తప్పుల మీద ఒక పేజీ ఇస్తాను. వాటిని చదివి నన్ను ఒక్కొక్కటిగా ప్రశ్నలు అడుగు. నా జవాబు విన్న తర్వాతే తర్వాతి ప్రశ్న. నా జవాబులో తేలికగా దాటేసిన మాట ఉంటే అక్కడే ఆపు. మెచ్చుకోలు వద్దు.”

చివరి వాక్యం లేకపోతే ప్రతి జవాబుకూ ‘అద్భుతం’ అంటుంది. ఆ పొగడ్త పనికి అడ్డం.

గంటన్నర సాగింది. ఎక్కువ ప్రశ్నలు మామూలువే. నాలుగో ప్రశ్న దగ్గర మాత్రం నేను లేచి వరండాలోకి వెళ్ళాను. ‘ఈ కోర్సు పూర్తి చేసిన విద్యార్థి చెరువు గట్టు మీద నిలబడి, ఎవరినీ అడగకుండా తీసుకోగల నిర్ణయం ఒక్కటి చెప్పండి’ అని అడిగింది. నా దగ్గర నిర్ణయం లేదు. నా లక్ష్యాలన్నీ ‘అవగాహన పొందుతారు’, ‘తెలుసుకుంటారు’ అన్న మాటలతో ముగిశాయి.

రాత్రి కూర్చొని నాలుగు నిర్ణయాలు రాశాను. ఏరేటర్ ఇప్పుడు వేయాలా, గంట ఆగాలా? ఈ పూట మేత తగ్గించాలా? సున్నం ఏ రకం వేయాలి, ఏ పూట వేయాలి? నీళ్ళు మార్చాలా, ఉన్న నీళ్ళనే నిలబెట్టుకోవాలా? ఈ నాలుగింటికీ కావలసిన శాస్త్రమే ఈ కోర్సు. ఇంతకాలం అటునుంచి ఇటు చూడలేదు.

రోజు 9

ప్రశ్నపత్రాల పని. మన పేపరు 75 మార్కులది: ఎనిమిదిలో ఐదు చిన్న ప్రశ్నలు, యూనిట్‌కు ఒకటి చొప్పున ఐదు పెద్ద ప్రశ్నలు, ఒక్కోదానికి ఐచ్ఛికం. అంటే పేపరుకు 18, ఐదేళ్ళకు 90 ప్రశ్నలు. ప్రతి ప్రశ్న ఏ స్థాయి ఆలోచనను కోరుతోందో గుర్తించమన్నాను. ఇందుకు కొలబద్ద మన విద్యా శిక్షణలో అందరూ చదివిందే. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం ఇచ్చిన వర్గీకరణను 2001లో సవరించి, గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం అని ఆరు మెట్లుగా చేశారు.

పట్టిక ఇచ్చింది. మెట్ల వారీగా ఎన్నున్నాయో లెక్క చెప్పమంటే మూడుసార్లు మూడు లెక్కలు చెప్పింది. లెక్క దాని బలం కాదు. ప్రశ్నల పక్కన అది పెట్టిన గుర్తులను సరిచూసుకొని, కూడికలు నేనే స్ప్రెడ్‌షీట్‌లో చేశాను. ‘వివరించండి’ అన్న ప్రతి ప్రశ్ననూ రెండో మెట్టులో వేసింది. నిజానికి అందులో సగం మొదటి మెట్టువే. పిల్లలు నోట్సులోని పేరానే దించుతారని దానికి తెలియదు, నాకు తెలుసు.

సరిచేశాక బయటపడింది ఇదీ. మా సిలబస్ లక్ష్యాల్లో ‘విశ్లేషించగలరు’, ‘నిర్వహించగలరు’ అని ఉంది. 90 ప్రశ్నల్లో అన్వయించడం దాకా వెళ్ళినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. విశ్లేషణ అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. లక్ష్యం, బోధన, పరీక్ష ఈ మూడూ ఒకే దారిలో ఉండాలని జాన్ బిగ్స్ 1996లో రాసిన మాటను నేను శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పాను. నా సొంత కోర్సులో ఆ మూడూ ఒకదానికొకటి ఎదురుపడనే లేదు. పిల్లలు తెలివైనవాళ్ళు, పరీక్ష ఏది అడుగుతుందో అదే చదువుతారు. సిలబస్ మార్చి ప్రశ్నపత్రం మార్చకపోతే ఈ శ్రమంతా కాగితం మీదే ఉంటుందని ఆ రోజు ఖాయమైంది.

ఈ మొత్తం పనిలో ఏఐ నాకు చేసిన పెద్ద మేలు ఇదే అనుకుంటున్నాను. 90 ప్రశ్నలను ఓపికగా లక్ష్యాలకు ఎదురుగా పెట్టడం ఏ అధ్యాపకుడైనా చేయగలిగిన పనే. నేను పన్నెండేళ్ళలో చేయలేదు.

రోజు 12

చెరువు గట్టు మీద. ఫిబ్రవరిలో ప్రశ్న అడిగిన రైతును కలవడానికి కోవూరు మీదుగా విడవలూరు వెళ్ళి, అక్కడి నుంచి రామతీర్థం దారి పట్టాను. మా పాత విద్యార్థి ఒకరు ఆ వైపు నీటి పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాడు, అతనే తోడు వచ్చాడు.

రైతుకు అరవై దాటి ఉంటాయి. టైగర్ రొయ్యతో మొదలుపెట్టారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్‌కు రెండు పంటలు పోగొట్టుకొని వరికి మళ్ళారు. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ ఇటు వచ్చారు. నా సిలబస్‌లో ఉదాహరణలన్నీ ఇంకా టైగర్ రొయ్య దగ్గరే ఉన్నాయని చెబితే ఆయన నవ్వలేదు. “టైగర్ అడుగున ఉంటుంది, వెనామీ నీళ్ళంతా తిరుగుతుంది. రొయ్య పిల్లలు ఎక్కువ వేస్తాం. నీళ్ళ మీద బరువు వేరమ్మా” అన్నారు.

నా కొత్త పట్టిక చూపించి ఏది లేదో చెప్పమన్నాను. ఆయన చదవలేదు, విన్నారు. విన్నాక అడిగారు:

“అమ్మా, పిల్లలకు నీళ్ళ గురించే కదా చెబుతారు. తెల్లవారుజామున ఐదింటికి ఎప్పుడైనా గట్టు మీదకు తీసుకొచ్చారా?”

“లేదు బాబాయ్. కళాశాల పదింటికి కదా.”

“చెరువులో కష్టమంతా పదింటికల్లా అయిపోతుందమ్మా. ఐదింటికి చూస్తే రొయ్య పైకి తేలి మీసాలు ఆడిస్తుంటుంది. ఎండ వచ్చాక మీకు ఏమీ కనపడదు.”

ఆయన చెప్పింది సరిగ్గా ఆక్సిజన్ గీత. పగలు నీటిలోని నాచు సూక్ష్మజీవులు బొగ్గుపులుసు వాయువు తీసుకొని ఆక్సిజన్ వదులుతాయి. ఆక్సిజన్, పీహెచ్ రెండూ పెరుగుతూ మధ్యాహ్నం మూడింటికి పైకెక్కుతాయి. రాత్రి అన్నీ ఊపిరి పీల్చేవే. రెండూ దిగుతూ తెల్లవారేసరికి అట్టడుగుకు చేరతాయి. నీటిలో ఆల్కలినిటీ బాగుంటే పీహెచ్ ఊగిసలాట తక్కువ, లేకుంటే ఎక్కువ. ఆ ఊగిసలాటే అమ్మోనియా విషాన్ని పెంచేది. ఆక్సిజన్, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, వేడి. నేను నాలుగు యూనిట్లలో విడివిడిగా చెబుతున్నవన్నీ ఒక్క రోజు చెరువులో ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడుస్తాయి. మొదటి యూనిట్ పేరు గట్టు మీదే రాసుకున్నాను: ‘చెరువులో ఒక రోజు’.

రోజు 15

క్రమం కుదిరింది. మొదట చెరువులో ఒక రోజు. తర్వాత చెరువు సిద్ధం చేయడం, అందులో నేల, సున్నం, సీడ్ (రొయ్య పిల్లలు) వేయడం. మూడోది మేత పెరిగేకొద్దీ నీటిలో జరిగేది: అమ్మోనియా, నైట్రైట్, అడుగు బురద. నాలుగోది వాన: ఉప్పు శాతం, ఖనిజాలు. సముద్రపు నీటిలో మెగ్నీషియం కాల్షియానికి సుమారు మూడు రెట్లుంటుంది. బోరు నీటితో సాగు చేసే చెరువుల్లో ఆ పాళ్ళు తప్పి, గుల్ల గట్టిపడని ఇబ్బంది ఇక్కడ చర్చకు వస్తుంది. ఐదోది పట్టుబడి (పెరిగిన రొయ్యలను పట్టడం), బయటకు వదిలే నీరు. తీరంలో రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఇందులో. సెమిస్టర్ జులైలో మొదలైతే వాన యూనిట్ అక్టోబరుకు వస్తుంది, అప్పుడే బయట కూడా వాన పడుతుంది.

ఈ క్రమాన్ని ఏఐకి ఇచ్చి ఒక్కటే అడిగాను: ‘ముందు చెప్పకుండా వాడేస్తున్న భావన ఏదైనా ఉందా?’ మూడు చూపించింది. ఒకటి అనవసరం. రెండోది, సున్నం పాఠంలో నేల ఆమ్లత్వం వస్తోంది గానీ దాని కొలత మూడో యూనిట్ ప్రాక్టికల్‌లో ఉంది. మూడోది, నైట్రైట్ విషం తగ్గడానికి క్లోరైడ్ కారణమని మూడో యూనిట్‌లో చెబుతున్నాను, క్లోరైడ్ ముచ్చట నాలుగులో ఉంది. రెండూ నిజమే. సరిచేశాను.

రోజు 18

తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలు సగానికి పైగా ఉంటారు. పాఠం ఇంగ్లిషులో, చెరువు తెలుగులో. రెండింటికీ వంతెనగా పదకోశం కావాలి. ఏఐ చేసిచ్చిన మొదటి ముసాయిదాలో చెరువులో రొయ్య పిల్లలు వదలడాన్ని ‘నిల్వ చేయుట’ అని రాసింది. పట్టుబడిని ‘కోత’ అంది. మేతను ‘ఆహారం’ అంది. నాచు పెరిగి నీరు రంగు కట్టడాన్ని ‘శైవల పుష్పం’ అంది. మా విద్యార్థి ల్యాబ్‌లో ఆ మాట అంటే రైతు ఏ పువ్వని అడుగుతాడు.

పనిని రెండు భాగాలు చేశాను. గట్టు మీద, ల్యాబ్‌లో విన్న మాటలు పాత విద్యార్థీ నేనూ కలిసి రాశాం: సీడ్ వేయడం, రంగు కట్టడం, తేలడం, గుల్ల విడవడం, పట్టుబడి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది). వాటికి ఎదురుగా శాస్త్ర పదాన్ని, రెండు వాక్యాల వివరణను ఏఐ రాసింది, రసాయన శాస్త్రం మేడమ్ దిద్దారు. మాట మనది, పట్టిక కట్టడం దానిది అన్న ఈ పంపకం బాగా కుదిరింది. 64 మాటలయ్యాయి.

రోజు 22

ప్రాక్టికల్స్. ఇన్నాళ్ళూ వింక్లర్ పద్ధతిలో కరిగిన ఆక్సిజన్ కొలవడం పదకొండు గంటలకు కుళాయి నీటితో చేయిస్తున్నాం. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ నమ్మకమైనదే, కానీ కుళాయి నీటికి ఆక్సిజన్ ఎంతుంటే ఎవరికి కావాలి? ఇక మీద ఒకే చెరువు నుంచి తెల్లవారుజామున ఐదింటికి ఒక సీసా, మధ్యాహ్నం మూడింటికి ఒక సీసా. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీన్ అయోడైడ్ వేసి ఆక్సిజన్‌ను బంధించి, కళాశాలకు తెచ్చి టైట్రేషన్. వాటితోపాటు పీహెచ్, వేడి, ఆల్కలినిటీ, అమ్మోనియా.

చెరువుల పక్కన ఇళ్ళున్న పిల్లలకే సీసాలు, రసాయనాలు ఇచ్చి పంపితే ఎవరూ నాలుగింటికి లేచి ప్రయాణం చేయనక్కర్లేదని ఏఐ సూచించింది. నాకూ బాగుందనిపించింది. రసాయన శాస్త్రం మేడమ్ ఒక్క మాటతో ఆపారు: “ఆ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది. అందులో అజైడ్ ఉంటే విషం కూడా. ఇంట్లో చిన్న పిల్లలుంటారు. నేను ఒప్పుకోను.” ఆవిడే సరి. రసాయనాలు వ్యానులో, మాతోనే వెళ్తాయి.

రోజు 26

మాదిరి ప్రశ్నపత్రం, అసైన్‌మెంట్లు. ప్రతి అసైన్‌మెంటునూ ముందుగా చాట్‌బాట్‌కే ఇచ్చి జవాబు రాయమన్నాను. ‘నీటి నాణ్యతలో ఆల్కలినిటీ ప్రాముఖ్యం రాయండి’ అంటే పూర్తి మార్కుల జవాబు ఇచ్చింది. అలాంటి అసైన్‌మెంటు ఇక ఇవ్వడంలో అర్థం లేదు. ‘మీ జట్టు ఐదింటికి, మరో జట్టు మూడింటికి తీసిన అంకెలతో 24 గంటల గీత గీసి, మేత ఏ పూట ఎంత తగ్గించమంటారో రైతుకు అర్థమయ్యేలా ఒక పేజీ రాయండి’ అంటే, ఆ అంకెలు లేకుండా దాని జవాబు నీరుగారిపోయింది. పిల్లలు ఏఐ వాడకూడదని నేను అనబోవడం లేదు. గీత గీయడానికి, వాక్యం దిద్దుకోవడానికి వాడుకోవచ్చు, వాడినట్టు రాయాలి. అంకెలు మాత్రం సీసాలోంచి రావాలి.

రోజు 31

బోర్డ్ ఆఫ్ స్టడీస్. బయటి నిపుణులు, పరిశ్రమ ప్రతినిధి, పూర్వ విద్యార్థి అందరూ వచ్చారు. ఎక్కడెక్కడ ఏఐ వాడానో, ఎక్కడ తీసేశానో ఒక పేజీ రాసి ముందే అందరికీ పంపాను. ఒక పెద్దాయన “ఇది యంత్రం రాసిన సిలబస్ కాదు కదా?” అని సూటిగా అడిగారు. ఎర్ర పెన్ను గీతలున్న నాలుగో రోజు కాగితం ఆయన ముందు పెట్టాను. శ్రద్ధగా తిప్పి చూశారు, వాన పాఠం దగ్గర ఆగి తలూపారు.

అసలు అభ్యంతరం వేరేచోట వచ్చింది. మొదటి యూనిట్‌కు నేను 14 గంటలు వేశాను. ప్రశ్నపత్రంలో ప్రతి యూనిట్‌కూ సమానంగా మార్కులున్నప్పుడు గంటలు ఇంత ఎగుడుదిగుడుగా ఉండకూడదన్నారు. న్యాయమైన మాటే. 12, 8, 9, 8, 8 దగ్గర కుదిరింది. పరిశ్రమ ప్రతినిధి రోజువారీ రికార్డు పుస్తకం రాయడం నేర్పమన్నారు, ఎగుమతి కొనుగోలుదారులు దాన్నే అడుగుతున్నారట. ప్రాక్టికల్స్‌లో చేర్చాం. ప్రతి పేపర్లో కనీసం రెండు పెద్ద ప్రశ్నలు అంకెల పట్టిక ఇచ్చి నిర్ణయం అడిగేవిగా ఉండాలన్న నా ప్రతిపాదనకు ఒక్క సెమిస్టర్ చూసి మళ్ళీ చర్చిద్దామన్నారు. నాకు కాస్త కష్టంగానే ఉంది, ఎందుకంటే తొమ్మిదో రోజు నేర్చుకున్నదంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది. ఇంటర్నల్ పరీక్ష 25 మార్కులు మా చేతిలోనివే కనుక అక్కడ ఇప్పుడే మొదలుపెడతాను.

రోజు 34

తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్ళాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు వ్యాను, ఇద్దరు అధ్యాపకులు, అందులో ఒకరు మహిళ. ఆడపిల్లల్లో కొందరి ఇళ్ళ నుంచి వద్దని కబురు వచ్చింది. ఒత్తిడి చేయలేదు. రెండు జట్లు చేశాం, రాలేనివాళ్ళది మూడు గంటల జట్టు. ఏ జట్టు దగ్గరా పూర్తి గీత ఉండదు, ఒకరి అంకెలు ఒకరు తీసుకోక తప్పదు. కనుక ఎవరి పనీ తక్కువ కాదు.

రామతీర్థం దారిలోని రైతుకు ఫోను చేసి జులై మూడో వారం వస్తామని చెప్పాను. “ఐదింటికే కదమ్మా?” అని రెండుసార్లు అడిగారు. ఇవాళ స్టోరులో సీసాలు లెక్కపెట్టించాను. 300 మిల్లీలీటర్లవి 22 ఉన్నాయి, వాటిలో మూడింటికి మూతలు బిగుసుకోవడం లేదు. ఇంకో డజనుకు ఆర్డరు రాసి ప్రిన్సిపాల్ సంతకానికి పంపాను.